పెనాంగ్ జార్జ్‌టౌన్: అమ్మానాన్నలతో వెళ్తున్నాం, తిండి సంగతి చెప్పండి

గోదారిగట్టు
శుక్రవారం, రాత్రి 9:12

అందరికీ నమస్తే. జూన్ చివర్లో అమ్మానాన్నల్ని తీసుకుని కౌలాలంపూర్‌లో చెల్లెలి ఇంటికి వెళ్తున్నాం. మధ్యలో మూడు రోజులు పెనాంగ్ దీవి చూసొద్దామని. నాన్నకి తిండంటే ప్రాణం. చేపా రొయ్యా ఏదైనా సరే, గొడ్డు మాంసం, పంది మాంసం మాత్రం ముట్టరు. అమ్మ శుద్ధ శాకాహారి, గుడ్డు కూడా తినదు. పైగా మోకాళ్ల నొప్పులు.

యూట్యూబ్ తెరిస్తే ఒక్కొక్కళ్లూ "తప్పక తినాల్సినవి" అంటూ చాంతాడంత జాబితాలు. ఒకటి చూస్తే ఇంకోదానికి పొంతన లేదు. ఎక్కడ దిగాలి, నాన్నకి ఏవి పెట్టించాలి, అమ్మ పస్తుండకుండా ఎలా? తెలిసినవాళ్లు చెప్పి పుణ్యం కట్టుకోండి.

---

బయాన్‌లెపాస్_బాబు
శుక్రవారం, రాత్రి 10:40

నేను ఇక్కడే ఉంటాను, ఎయిర్‌పోర్టు పక్కన ఫ్యాక్టరీలో ఉద్యోగం. 1972లో ఇంటెల్ వచ్చినప్పటి నుంచి బయాన్ లెపాస్ అంతా చిప్పుల కంపెనీలే, మనవాళ్లు బాగానే ఉన్నారు. ఊరి నుంచి చుట్టాలు దిగినప్పుడల్లా గైడ్ డ్యూటీ నాదే కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తున్నా, ఓపిగ్గా చదవండి.

బస: పెనాంగ్ పాత ఊరు జార్జ్‌టౌన్ లోపలే దిగండి. బాతు ఫెరింగీ బీచ్ హోటళ్లు ఫోటోల్లో బాగుంటాయి గానీ రోజూ అక్కడి నుంచి రావడం, పోవడంతోనే సగం పూట అయిపోతుంది. లవ్ లేన్ దగ్గర మాత్రం వద్దు, రాత్రి బార్ల గోల. లెబు ముంత్రి (లెబు అంటే వీధి) వైపు ప్రశాంతంగా ఉంటుంది, అన్నీ దగ్గరే.

తిండి విషయంలో అసలు ముక్క ఇది. షాపు పేర్ల జాబితా పట్టుకుని తిరగకండి, గడియారం చూసుకుని తిరగండి. ఇక్కడ ఒక్కో బండిది ఒక్కో వంటకం. లక్సా (పులుసులో నూడుల్స్) ఆయన లక్సా ఒక్కటే చేస్తాడు, వాళ్ల నాన్న కూడా అదే చేసి ఉంటాడు. పొద్దున ఏడింటికి మొదలుపెట్టి పదకొండుకల్లా గిన్నె ఖాళీ చేసి వెళ్లిపోయేవాళ్లు కొందరు. సాయంత్రం ఆరయితే గానీ రానివాళ్లు ఇంకొందరు. చూలియా స్ట్రీట్, కింబర్లీ స్ట్రీట్, లొరోంగ్ బారు ఇవన్నీ చీకటిపడ్డాక బతికే వీధులు. మధ్యాహ్నం రెండింటికి అక్కడికి వెళ్లి "ఏమీ లేదే" అని తిట్టుకునే టూరిస్టుల్ని రోజూ చూస్తుంటా. మా బావగారైతే గూగుల్ మ్యాప్‌లో నాలుగింటికి తెరుస్తారని ఉంటే నమ్మి ఎండలో నిలబడ్డారు. వారానికో రోజు సెలవు కూడా ఎవరి ఇష్టం వాళ్లది.

కోపితియామ్ అని పాతకాలపు కాఫీ హోటళ్లు ఉంటాయి. లోపల నాలుగైదు బండ్లు అద్దెకుంటాయి. ముందు ఖాళీ టేబుల్ చూసుకుని దాని నంబరు గుర్తుపెట్టుకోండి. కావాల్సిన బండి దగ్గరికి వెళ్లి చెప్పి, నంబరు చెప్పి వచ్చేయండి. ప్లేటు టేబుల్ దగ్గరకి తెస్తారు, అప్పుడే డబ్బులు. కాఫీ, టీ, నీళ్లు హోటల్ ఓనరువి, ఆయన మనిషే వచ్చి అడుగుతాడు. ఏదో ఒకటి తాగాలి. చాలాచోట్ల తాగకపోతే మనిషికింత అని వేస్తారని బోర్డే ఉంటుంది. అది మోసం కాదు, కుర్చీ అద్దె.

నోట్లు చిన్నవి ఉంచుకోండి. క్యూఆర్ కోడ్‌లు అంతటా ఉన్నాయి గానీ మన యూపీఐ పని చేస్తుందని నమ్ముకుని రాకండి.

---

నల్లగొండ_నర్సి
శుక్రవారం, రాత్రి 11:05

సింగపూర్‌ల తిన్నంక ఇగ పెనాంగ్ ఎందుకన్నా? గదే నూడుల్స్, గదే చెమట. ఆడ మంచిగ శుభ్రంగ ఉంటది, పెద్దోళ్లను తీస్కపోతే గదే నయం.

---

బయాన్‌లెపాస్_బాబు
శుక్రవారం, రాత్రి 11:31

నర్సి అన్నా, సింగపూర్ మీద నాకేం కోపం లేదు. 2020లో వాళ్ల హాకర్ (తిండి బండ్ల) సంస్కృతికి యునెస్కో గుర్తింపు కూడా వచ్చింది. కానీ అక్కడ రోడ్డు మీది బండ్లన్నిటినీ ప్రభుత్వం ఎప్పుడో కట్టిన హాకర్ సెంటర్లలోకి ఎక్కించేసింది. ఇక్కడ ఇంకా రోడ్డు అంచునే పొయ్యి. శుభ్రత తక్కువే, కాదనను. ధర చూడు మరి: ప్లేటు చార్ క్వే తియావ్ (వేపుడు నూడుల్స్) ఎనిమిది, పది రింగిట్లు, రోటీ చనాయ్ (మన పరోటా లాంటిది) రెండు రింగిట్ల లోపు. రింగిట్ ఇరవై రూపాయల చిల్లర. మూడుపూటలా బయట తిన్నా జేబు బరువు తగ్గదు.

ఇంకో మాట, 2016 నుంచి పెనాంగ్‌లో హాకర్ బండి దగ్గర స్థానిక వంటకాలు విదేశీ పనివాళ్లు వండకూడదని రూలు పెట్టారు. దాని మీద ఇక్కడ గొడవలు ఉన్నాయి, అమలు కూడా అంతంతమాత్రమే అంటారు. నాకైతే ఆ రూలు నచ్చదు. పొయ్యి దగ్గర నిలబడటానికి వీళ్ల పిల్లలు ఎటూ రావట్లేదు. కానీ తిండిని ఎంత సీరియస్‌గా తీసుకుంటారో దాన్నిబట్టి తెలుస్తుంది.

---

కృష్ణవేణి_గుంటూరు
శనివారం, ఉదయం 6:50

గోదారిగట్టు గారూ, మీ అమ్మగారి సంగతి నేను చెప్తాను. నాదీ అదే బాపతు.

"వెజిటేరియన్" అన్న మాట ఒక్కదాన్నీ నమ్ముకోవద్దు. మాంసం ముక్కలు తీసేసి ఇస్తే అదే వెజ్ అనుకునేవాళ్లు ఉంటారు. ఆకుకూర వేపుడులో కూడా బెలాచాన్ వేస్తారు, అది రొయ్యల ముద్ద. చైనా వంటల్లో ఆయిస్టర్ సాస్, పంది కొవ్వు. కాబట్టి పేరుపేరునా చెప్పాలి: "తక్ మావు ఇకాన్, ఉడాంగ్, తెలుర్, బెలాచాన్". చేప, రొయ్య, గుడ్డు, రొయ్యల ముద్ద వద్దు అని. ఫోన్‌లో మలయ్ లోనూ చైనీస్ లోనూ రాయించుకుని చూపిస్తే ఇంకా మేలు.

హాయిగా తినగలిగేవి రెండు చోట్ల. ఒకటి లిటిల్ ఇండియా, అంటే లెబు పసార్, లెబు పెనాంగ్ చుట్టుపక్కల. అరిటాకు భోజనం, ఇడ్లీ, దోసె, అచ్చంగా వెజ్ హోటళ్లు ఉన్నాయి. తమిళం వస్తే చాలు. రెండోది బౌద్ధుల శాకాహార హోటళ్లు. ఉల్లి, వెల్లుల్లి కూడా వెయ్యనివి ఉంటాయి. అన్నం పెట్టించుకుని వరసగా ఉన్న కూరల్లోంచి మనమే వడ్డించుకోవాలి, ఎంత పెట్టుకున్నామో చూసి ధర చెప్తారు. ముక్కలు చూస్తే చేపా, మాంసమా అని గుండె గుభేలుమంటుంది, అవన్నీ సోయా, పిండి వంటలే. చైనా నెలలో పాడ్యమికీ పౌర్ణమికీ అక్కడ జనం కిటకిట, ఆ రోజుల్లో పెందలాడే వెళ్లండి.

రోటీ చనాయ్ దగ్గర ఒక్క జాగ్రత్త. పప్పు అడిగితే పప్పు పోసి, రుచికని పైన ఓ గరిటె చేపల పులుసు కూడా పోసేస్తారు. అది వాళ్ల మర్యాద! "దాల్ సహజా", పప్పు మాత్రమే అని నొక్కి చెప్పండి. పిండిలో గుడ్డు వేస్తారా అని కూడా అడగండి, కొందరు వేస్తారు.

చెండోల్ మాత్రం నిశ్చింతగా ఇప్పించండి. లెబు కెంగ్ క్వీ సందు మొదట్లో రెండు బండ్లు ఎదురెదురుగా ఉంటాయి, పెద్ద వరస చూసి కంగారుపడకండి, గబగబా కదులుతుంది. పాండాన్ ఆకు వేసిన ఆకుపచ్చ బియ్యప్పిండి సేమ్యా, కొబ్బరిపాలు, తాటిబెల్లం పాకం, ఉడికించిన ఎర్ర చిక్కుడు గింజలు, పైన తురిమిన ఐసు. నిలబడే తినాలి. ఆ పాకం అడుక్కి దిగిపోతుంది, కలుపుకోకుండా తాగితే మొదటి సగం చప్ప, చివరి సగం వెగటు.

---

తిండిపోతు_తాత
శనివారం, ఉదయం 8:22

ఇహ నాన్నగారి వంతు నాది.

చార్ క్వే తియావ్ గురించి అందరూ ఊదరగొడతారు. నిజంగానే చూడాల్సిన వంట. వెడల్పాటి బియ్యప్పిండి నూడుల్స్, రొయ్యలు, గుల్లలు, మొలకలు, గుడ్డు. మంచి బండివాడు ఒకసారికి ఒకటో రెండో ప్లేట్లే వేస్తాడు. పది ఆర్డర్లు ఉన్నా పది ప్లేట్లు ఒక్క బాణలిలో కుమ్మడు. మంట బాణలి అంచుల మీదకి ఎగబాకుతుంది, గరిటె ఆగదు, మొలకలు చివరి క్షణంలో పడతాయి. ఆ పొగ వాసన అన్నిటికీ పట్టాలి, మొలక కరకరలాడాలి. బాగా మంట తగిలితే నూడుల్స్ మీద మాడిన మచ్చలు ఉంటాయి, అదే మంచిది.

కానీ గోదారిగట్టూ, అసలు చైనా వాళ్ల బండి మీద వేసేది పంది కొవ్వుతోనే. ఎర్రగా సన్నగా తరిగిన సాసేజీ ముక్కలూ పందివే. "అవి తీసేసి ఇవ్వు" అంటే ముక్కలు తీస్తాడు, కొవ్వు ఎక్కడికి పోతుంది? మీ నాన్నగారికి పట్టింపు ఉంటే ముస్లింల బండి మీదది తినిపించండి, దాంట్లో పంది ఉండదు. రుచి వేరు, కాస్త తడిగా కారంగా ఉంటుంది, అదీ బాగుంటుంది.

అసాం లక్సా మాత్రం వదలొద్దు. మన నోటికి పెనాంగ్‌లో అన్నిటికంటే దగ్గరది అదే, రాత్రి వండి పొద్దున తిన్న చేపల పులుసు లాగా పుల్లపుల్లగా, ఘాటుగా. కౌలాలంపూర్‌లో, సింగపూర్‌లో కొబ్బరిపాలు పోసే లక్సా దొరుకుతుంది, దానికీ దీనికీ సంబంధం లేదు. చిన్న సముద్రపు చేపల్ని ఉడికించి ముల్లు తీసి చిదిమి పులుసులో కలిపేస్తారు. చింతపండు ఉంటుంది, అల్లం జాతి పూమొగ్గ తరుగు, పుదీనా, కీరా, అనాస, ఉల్లి. ఓ చెంచాలో నల్లటి రొయ్యల పాకం విడిగా ఇస్తారు. అది మొత్తం ఒకేసారి కలపకండి. ముందు పులుసు ఓ రెండు గుక్కలు తాగి, తర్వాత కొంచెం కొంచెం. నూడుల్స్ లావుగా, గుండ్రంగా, తెల్లగా ఉంటాయి. చేప ముల్లు అప్పుడప్పుడూ తగులుతుంది, పెద్దాయనకి చెప్పి ఉంచండి.

పొద్దున పూట రొయ్యల తలకాయలు మరిగించిన హొక్కియెన్ మీ కూడా ఉంది గానీ ఆ చారులో పంది ఎముకలు పడతాయి. వదిలెయ్యండి.

---

బగాన్‌దాతుక్_మనవడు
శనివారం, మధ్యాహ్నం 1:15

అందరికీ నమస్కారం. నేను మలేషియాలోనే పుట్టిన తెలుగువాణ్ణి. మా ముత్తాతగారు శ్రీకాకుళం వైపు నుంచి పేరాక్ రాష్ట్రంలో కొబ్బరి తోటలకు వచ్చారు. బగాన్ దాతుక్ చుట్టూ మనవాళ్లు చాలామంది. నా తెలుగు ఇంట్లో నేర్చిందే, తప్పులుంటే సర్దుకోండి. పెనాంగ్‌లో మాత్రం తెలుగు తక్కువ, తమిళం ఎక్కువ.

నాసి కందార్ గురించి ఎవరూ చెప్పలేదు, అందుకే వచ్చాను. అది తమిళ ముస్లింల తిండి. పూర్వం కావడి భుజాన వేసుకుని ఒక వైపు అన్నం, మరో వైపు కూరలు మోసుకుంటూ రేవులో కూలీలకు అమ్మేవారు. ఇప్పుడు ఇరవై నాలుగు గంటలూ నడిచే హోటళ్లున్నాయి. మీరు వరసలో నిలబడి వేలు చూపిస్తూ పోవాలి. అన్నం మీద కోడి వేపుడు, చేప, బెండకాయ, ఏదైనా. చివర్లో వడ్డించేవాడు నాలుగైదు గిన్నెల్లోంచి గరిటెతో పులుసులు తీసి కలిపి పోస్తాడు. "కుఆ చాంపుర్" అంటే అదే. "బాంజిర్" అంటే అన్నం మునిగేలా పోస్తాడు. ఈ కలిపిన పులుసే నాసి కందార్‌కి అసలు రుచి.

అన్నా, మీ నాన్నగారికి ఇక్కడే చిక్కు. కలిపేవాటిలో గొడ్డు మాంసం పులుసు కూడా ఉంటుంది. ముక్క అడగకపోయినా పులుసు పడిపోతుంది. కాబట్టి ముందే "తక్ మావు కుఆ దాగింగ్" అనండి. ఇక్కడ హోటల్లో దాగింగ్ అంటే గొడ్డు మాంసమే. కాంబింగ్ మేక, ఆయాం కోడి. కోడి పులుసు, చేప పులుసు మాత్రమే కలపమంటే కలుపుతారు, ఏమీ అనుకోరు. పీక్ టైంలో అదే గరిటె అన్ని గిన్నెల్లోనూ తిరుగుతుంది, అది కూడా ఇబ్బంది అనుకుంటే ఈ హోటళ్లకు వెళ్లకపోవడమే మంచిది.

పెద్ద రొయ్య, స్క్విడ్, చేప తలకాయ వేయించుకునే ముందు ధర అడగండి. రాసి ఉండదు చాలాచోట్ల.

---

గోదారిగట్టు
శనివారం, సాయంత్రం 7:03

అయ్య బాబోయ్, ఎంత సమాచారం! మనవడు గారూ, మీ తెలుగు మా పక్కింటి పిల్లాడి తెలుగు కంటే బాగుంది. గరిటె సంగతి నాన్నకి చదివి వినిపించాను. "కోడి పులుసు విడిగా పోయించుకుంటా, గరిటెకి కులం లేదు" అన్నారు. కాబట్టి వెళ్తాం.

మరి తిండి మధ్యలో చూసేవి? అమ్మ ఎక్కువ నడవలేదు, గుళ్లంటే ఇష్టం.

---

బయాన్‌లెపాస్_బాబు
శనివారం, రాత్రి 8:47

అమ్మగారికి సరిపోయే దారి ఒకటుంది. పాత పిట్ స్ట్రీట్, ఇప్పుడు జలాన్ మస్జిద్ కపితాన్ కెలింగ్ అంటారు. 1818 నాటి సెయింట్ జార్జ్ చర్చి, చైనావాళ్ల కరుణా దేవత కువాన్ యిన్ గుడి, 1833 నాటి మహామారియమ్మన్ గుడి, 1801లో మొదలైన కపితాన్ కెలింగ్ మసీదు అన్నీ ఒకదాని వెంట ఒకటి. మారియమ్మన్ గుడి మధ్యాహ్నం మూసేస్తారు, పొద్దున్నే వెళ్లండి. గుడి ముఖద్వారం క్వీన్ స్ట్రీట్ వైపు, అదే లిటిల్ ఇండియా, దర్శనం కాగానే టిఫిన్.

దూరం తక్కువే గానీ నడక సుఖం కాదు. ఇళ్ల ముందు అయిదడుగుల వరండా అని ఉంటుంది, ఎండా వానా తగలకుండా నడవడానికి కట్టినవి. ఒకింటి గచ్చుకీ పక్కింటి గచ్చుకీ ఎత్తు తేడా, మధ్యలో మోటార్‌సైకిళ్లు, కుండీలు. మోకాళ్లకి శిక్ష. గ్రాబ్ (మన ఓలా లాంటి యాప్) కారు చవక, మొహమాటపడకుండా పిలవండి. సైకిల్ రిక్షా ఎక్కితే గంటకెంతో ముందే మాట్లాడుకోండి.

పెనాంగ్ హిల్‌కి కొండ రైలుంది, 1923 నాటి లైను, బోగీలు కొత్తవి. పొద్దున తొలి బళ్లకే ఎక్కండి. కెక్ లోక్ సీ బౌద్ధ ఆలయంలో మెట్లెక్కువ, కానీ పైన 30.2 మీటర్ల కంచు కువాన్ యిన్ విగ్రహం దాకా లిఫ్ట్ ఉంది.

---

వారసత్వపు_పిచ్చోడు
ఆదివారం, ఉదయం 10:18

ఒక విన్నపం. ఆర్మేనియన్ స్ట్రీట్‌లో సైకిల్ మీద పిల్లల బొమ్మ దగ్గర గంటసేపు లైన్లో నిలబడి ఫోటో దిగి "జార్జ్‌టౌన్ చూశాం" అనకండి. ఆ బొమ్మలు 2012లో వేసినవి. ఊరు 1786 నాటిది. అదే వీధిలో 120 నంబరు ఇంట్లో 1910లో చైనా నాయకుడు సన్ యాట్‌సెన్ తన విప్లవానికి పథకం వేసుకున్నాడు, దాని ముందు ఎవరూ ఆగరు.

యునెస్కో గుర్తింపు 2008లో, మలాకాతో కలిపి వచ్చింది. అంతకుముందే ఊరికి పెద్ద దెబ్బ తగిలింది. పాత అద్దె నియంత్రణ చట్టం ఎత్తేశారు, 2000 నుంచి అద్దెలు ఎంతైనా పెంచుకోవచ్చు. తరాల తరబడి కింద కొట్టు, పైన కాపురం పెట్టుకున్నవాళ్లు ఒక్కొక్కరే ఖాళీ చేశారు. ఇప్పుడా ఇళ్లలో కాఫీ షాపులు, బొటీక్ హోటళ్లు. మీరు తినే బండ్లవాళ్లకి వాడుక ఖాతాదార్లు ఆ ఇళ్లలోని వాళ్లే. బాబు గారు చెప్పిన వైపు మీరు దిగే హోటలూ అలాంటి ఇల్లే అయ్యుంటుంది, దిగండి, తప్పులేదు. కానీ వెల్డ్ కీ దగ్గర నీళ్ల మీది చ్యూ జెట్టీకి వెళ్తే ఇళ్లలోకి తొంగిచూడకండి. అక్కడ ఇంకా సంసారాలున్నాయి.

---

నిర్వాహకుడు
ఆదివారం, మధ్యాహ్నం 12:02

ఈ చర్చలో ఒక ట్రావెల్ ప్యాకేజీ ప్రకటన తొలగించాం. ప్రకటనలకు వేరే విభాగం ఉంది.

---

నల్లగొండ_నర్సి
ఆదివారం, మధ్యాహ్నం 3:40

సరే, లక్సా సంగతి జదివినంక నోరూరుతుంది, ఒప్పుకుంట. చాయ్ ఎట్లుంటది గాని ఆడ?

---

తిండిపోతు_తాత
ఆదివారం, సాయంత్రం 4:15

తే తారిక్. డబ్బా పాలు పోసి ఇంతెత్తు నుంచి తిరగపోస్తారు. నురగ బాగుంటుంది, తీపి మాత్రం పళ్లు జివ్వుమనేంత. "కురాంగ్ మానిస్" అంటే తగ్గిస్తారు, అయినా తియ్యగానే ఉంటుంది. ఆ టీ, రోటీ చనాయ్, నాసి లెమాక్ (కొబ్బరిపాల అన్నం) అన్నీ కలిపి మలేషియా పొద్దుటి ఫలహారానికి 2024లో యునెస్కో ముద్ర పడింది. నీ సింగపూర్‌తో లెక్క సరి.

---

విశాఖ_అలలు
ఆదివారం, రాత్రి 9:55

నాదొక చేదు అనుభవం. సముద్రం పక్కన ఓ పెద్ద హాకర్ సెంటర్‌లో, పేరెందుకులెండి, చేప చూపించి "వంద గ్రాములకింత" అన్నారు, నేను మొత్తం ధర అనుకునేలా వేగంగా అన్నారు. బిల్లు చూసి మావారి మొహం పాలిపోయింది. తూకం వేయించి, మొత్తం ఎంతో కాగితం మీద రాయించుకున్నాకే వండమనండి. చిన్న బండ్ల దగ్గర ఇలాంటి బాధ లేదు.

జూన్ అంటే డూరియన్ పండ్ల సీజన్. బాలిక్ పులావ్ వైపు తోటలున్నాయి, బండి మీద కాయ తూచి కోసిస్తారు. పెనాంగ్‌ది ఎర్ర రొయ్య అనే రకం అడగండి, ఆంగ్ హే అంటారు. హోటల్ గదికి మాత్రం తేకండి, ఆ ఘాటు వాసనకి జరిమానా వేస్తారు.

---

గోదారిగట్టు
సోమవారం, ఉదయం 7:30

అందరికీ బోలెడు థ్యాంక్స్. పొద్దున గుడి, లిటిల్ ఇండియా. మధ్యాహ్నం చెండోల్, నిద్ర. చీకటిపడ్డాక వీధులు. జాబితాలన్నీ చెరిపేశాను. వీసా సంగతి ఒక్కటి తేల్చండి.

---

బయాన్‌లెపాస్_బాబు
సోమవారం, ఉదయం 8:05

మన పాస్‌పోర్టుకి 2026 డిసెంబరు 31 వరకు వీసా అక్కర్లేదు, ముప్ఫై రోజులు ఉండొచ్చు. దిగే ముందు మూడు రోజుల లోపు డిజిటల్ అరైవల్ కార్డు నింపాలి, అది ఉచితం. డబ్బులడిగే సైట్లు దొంగవి. కౌలాలంపూర్ నుంచి రైల్లో వస్తే బటర్‌వర్త్‌లో దిగి ఫెర్రీ ఎక్కండి, వంతెన మీద కారులో రావడం కంటే అమ్మగారికి అదే బాగుంటుంది.

---

కడప_కుర్రోడు
సోమవారం, ఉదయం 11:48

అన్నా, మధ్యలో దూరుతున్నా. నేను జూన్‌లో కాదు, జనవరి, ఫిబ్రవరిలో పోదామనుకుంటున్నా. పర్లేదా?

---

బగాన్‌దాతుక్_మనవడు
సోమవారం, మధ్యాహ్నం 2:20

తమ్ముడూ, చైనా కొత్త సంవత్సరం తేదీ చూసుకో. ఆ వారం సగం బండ్లు ఉండవు, అందరూ ఇళ్లకు పోతారు. తైపూసానికి (మురుగన్ పండగ) వస్తే మాత్రం వేరే సంగతి. మురుగన్ రథం లిటిల్ ఇండియా నుంచి వాటర్‌ఫాల్ కొండ గుడి దాకా వెళ్తుంది. దారంతా చైనావాళ్లు కూడా వేల కొబ్బరికాయలు కొడతారు. రోడ్డు పొడుగునా పందిళ్లు వేసి మజ్జిగ, పులిహోర, సాంబారన్నం ఉచితంగా పెడతారు, అంతా శాకాహారమే. హోటల్ గదులు మూడు నెలల ముందే బుక్ చేసుకో, చెప్పులు పాతవి వేసుకో.